పిండి పిసికిన చేతులు

"ఇంకొక్కసారి ఆ మాట వినిపిస్తే ఫోను నేలకేసి కొడతాను," అన్నాడు బాలచంద్ర.

ఎవరూ వినిపించలేదు. తన స్టీలు సామాన్ల అంగడికి పక్కంగడి ఆయన పంపిన వీడియో, తెరవగానే అతని చేతిలోనే మోగింది. మొత్తం పదకొండు సెకన్లు. ముందు హాల్లోంచి అతని తల్లి పంకజాక్షి గొంతు.

"పిండి తాయమ్మ గాని ముట్టిందా?"

తర్వాత వంటింట్లో అతని భార్య జయంతి గొంతు, చిన్నగా నవ్వుతూ.

"లేదత్తా. ఆమె గిన్నె, గ్లాసే వేరే పెట్టుండాను. పిండి ముట్టనిస్తానా?"

తెర మీద జయంతి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. చపాతీలా పరిచిన మైదా పిండి మీద వెన్న రాసి, చక్కెరా దాల్చినచెక్క పొడీ చల్లి, చాప చుట్టినట్టు చుడుతున్నాయి. ఆ ఇంట్లో పట్ట రొట్టె అనే దాల్చినచెక్క బ్రెడ్డు అది.

శనివారం సాయంత్రం పూర్తి వీడియోను జయంతి పేరున నెట్‌లో పెట్టింది వాళ్ల కూతురు, పదమూడేళ్ల మోహన. తల్లి వంటలు తీసి పెట్టడం ఆ పిల్లకు సరదా. ఎప్పుడూ రెండువందల మందికి మించి చూడరు. ఆదివారం తెల్లారేసరికే ఎవరో ఆ పదకొండు సెకన్లే కత్తిరించి తిప్పడం మొదలుపెట్టారు. మోహన తను పెట్టింది తీసేసింది. కత్తిరించిన ముక్క మాత్రం తిరుపతి దాటి, చిత్తూరు దాటి, ఎక్కడెక్కడో తిరుగుతోంది.

ఇవాళ మంగళవారం. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే తాయమ్మ ఆదివారం నుంచి పనికి రాలేదు.

పెరట్లో పంకజాక్షి తనే గిన్నెలు తోముతోంది. ఒక్కో గిన్నెనూ అవసరానికి మించి గట్టిగా బోర్లిస్తోంది.

"నేనేం తప్పు మాట్లాడినాను? నా ఇంట్లో నేను అడిగినాను. శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని, నోట్లో పెట్టుకునే ముందు అడగనా?"

"అడుగుమా. ఫోను పెట్టుండేటప్పుడు అడగొద్దంటా ఉండా," అన్నాడు బాలచంద్ర.

జయంతి తలెత్తి భర్తను చూసింది. అతనికి ఫోను ఒక్కటే తప్పుగా కనిపిస్తోంది. మూడు రోజుల కిందట తనకైతే అది కూడా కనిపించలేదు.

"ఎవరన్నా కేసు పెడితే ఏం జేస్తావు?" అన్నాడతను, ఈసారి భార్యతో. "నిన్న అంగట్లో ఒకాయన స్టవ్వు చేతిలోకి తీసుకోని, నా ముఖం సూసి, ఆడనే పెట్టేసి పోయినాడు. ఇరవై ఏండ్ల బేరగాడు."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఒకటే దారి. నువ్వు పోయి తాయమ్మ పక్కన కూచో. పదకొండేండ్లుగా ఇంటి మనిషి మాదిరి సూసుకుంటా ఉండారని ఆమె నోటితో ఒక్క నిమిషం చెప్పించు. అది పెడితే అందరి నోర్లూ మూసుకుంటాయి."

"ఆమె ఎట్ల చెప్తాది, ఇది విన్నాక?"

"చెప్తాది. ఆమె బిడ్డ పెండ్లికి మనం బీరువా ఇయ్యలేదా?"

పెరట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

తాయమ్మ కొడుకు జోయల్ తిరుపతిలోనే ఒక బేకరీలో మాస్టరు. రెండు రోజులుగా జయంతి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. ఈ ఉదయం మాత్రం ఒక్క మెసేజి పెట్టాడు. 'అమ్మ వడమాలపేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంది. రావాలంటే రండి.'

జయంతి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం కాకముందే స్కూలు నుంచి వచ్చేసిన మోహన మంచం మీద స్కూలు బట్టల్లోనే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రెండు రోజులుగా తల్లితో మాట్లాడటం లేదు.

"స్కూల్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

జయంతి మంచం అంచున కూర్చుంది.

"చెప్పు మోహనా."

"వాళ్లు అన్నదానికి కాదు మా." పిల్ల గోడవైపే తిరిగి మాట్లాడింది. "పిండి పిసికింది తాయమ్మ గదా. నేను ఫోను స్టాండుకు బిగిస్తా సూసినాను."

నిజమే. ఆ పొద్దు అత్త గోవిందరాజస్వామి గుడికి వెళ్లింది. గోరువెచ్చని పాలల్లో చక్కెరా ఈస్టూ వేసి, నురగ పొంగాక మైదాలో పోసి కలిపితే పిండి వేళ్లకు బంకలా అంటుకుంది. ఇంకో గుప్పెడు మైదా వేయబోతుంటే తాయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "పిండి ఎయ్యొద్దమ్మా, జోయలు వద్దన్నాడు. తేమ ఉంటేనే మెత్తగా వస్తాది. ఇట్లియ్యి," అంటూ చేతులు కడుక్కుని, పావుగంట సేపు మోచేతుల దాకా బలం పెట్టి పిసికింది. సాగదీసి, మడిచి, అరిచేతి మొదలుతో నొక్కి. చివరికి పిండి పసిపిల్ల బుగ్గలా అయింది. తడిబట్ట కప్పి ఆమె ఇంటికి వెళ్లిపోయింది. అది పొంగాక జయంతి పరిచి, చుట్టి, టిన్నులో పెట్టింది. మోహన తీసింది అక్కణ్నుంచే.

"అవ్వ ఒక్కపొద్దు ఉన్నిందని... ఇంట్లో గొడవ ఎందుకని అట్ల చెప్పినాను."

"గొడవ కాకూడదని ఆమెను అట్ల అంటావా? నవ్వినావు గూడా."

జయంతి చెయ్యి చాచి పిల్ల భుజం మీద వేయబోయింది. మోహన లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెట్టే ముందు ఆ వీడియో నేను రెండుసార్లు సూసినా మా. నాకు ఆ మాట వినిపించనే లేదు. అందరూ అంటా ఉంటే మళ్లా పెట్టి విన్నాను. అప్పుడు వినిపించింది."

అంతే చెప్పి మళ్లీ పడుకుంది.

* * *

పుత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంత సేపూ జయంతి చెంగు తల మీద కప్పుకునే ఉంది. పక్కసీటు ఆమె ఫోనులో ఏదో వీడియో మోగినప్పుడల్లా ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

దారిలో వడమాలపేటలో దిగేసరికి జోయల్ స్టాపులో నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు. తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. ముంజేతుల మీద ఓవెన్ తగిలి కాలిన మచ్చలు.

"రాండక్కా," అన్నాడు. అంతకు మించి ఏమీ అనకుండా ముందు నడిచాడు.

ఆ రొట్టె చేయడం నేర్పింది అతనే. జయంతి అంతకుముందు రెండుసార్లు చేస్తే రాయిలా వచ్చింది. తాయమ్మ చెప్తే, ఒక మధ్యాహ్నం పని మధ్యలో వచ్చి గంటసేపు చూపించాడు. వెనక వసారాలో నిలబడే చూపించాడు. పాలూ పిండీ టిన్నూ అన్నీ జయంతే వసారాలోకి మోసుకొచ్చింది. లోపలికి రమ్మని తను అనలేదు. అతనూ అడుగు పెట్టలేదు. అందులో ఏదో ఉందని కూడా ఆ రోజు తోచలేదు. ఇప్పుడు అతని వెనక నడుస్తుంటే, ఆ వసారా గడప దగ్గర విడిచిన అతని చెప్పులు కళ్ల ముందు కనిపించాయి.

"జోయల్, నేను..."

"మా అమ్మకు తెలీదక్కా," అన్నాడు, తిరగకుండా.

జయంతి ఆగిపోయింది.

"ఆమెకు ఉండేది బటన్ ఫోను. ఆదివారం పొద్దున్నే నా ఫ్రెండు పంపించినాడు నాకు. నీకు ఒళ్లు బాగలేదు, వారం దినాలు పెద్దమ్మ కాడ ఉండుమా అని ఈడ తెచ్చి వదిలినాను. ఆ మాట ఆమెకు వినిపించడానికి నాకు చెయ్యి రాలేదు."

"ఎవరూ చెప్పలేదా?"

"ఈడోళ్లు కొందరు సూసినారు. చెప్పొద్దన్నాను." ఇప్పుడు వెనక్కి తిరిగాడు. కోపం ఉంటుందనుకుంది జయంతి. నిద్రలేని కళ్లు మాత్రం ఉన్నాయి. "మీరు ఏం చెప్పాలని వచ్చినారో నాకు తెలీదు. నేను అడగను. అదో, ఆ నీలం తలుపు ఇల్లు. నేను ఈడ ఉంటాను."

తాయమ్మ వాకిట్లో చేటలో చెనక్కాయలు పోసుకుని వేరుశనగ గింజలు ఒలుస్తోంది. జయంతిని చూసి గబుక్కున లేచింది. ఒళ్లోని పొట్టు నేల మీద రాలింది.

"ఏమ్మా, నువ్వు ఇంత దూరం వచ్చినావే? ఎండలో, బస్సులో వచ్చినావా? జోయలు చెప్పనే లేదు సూడు." లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. "నాకేం జబ్బు లేదమ్మా. వాడే భయపడతా ఉండాడు. ఎల్లుండి బేస్తవారం వచ్చేస్తాను. గిన్నెలన్నీ పడుండాయా?"

"లేదు. అత్త తోముతా ఉంది."

"అయ్యో, పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి గదా." పంకజాక్షిని పెద్దమ్మ అనే పిలుస్తుంది తాయమ్మ. కంగారుగా అటూ ఇటూ చూసింది. "నీళ్లు... అంగట్లో బాటిల్ తెప్పించేదా అమ్మా?"

"నువ్వు తాగే నీళ్లే ఇయ్యి తాయమ్మా."

తాయమ్మ గ్లాసు మూడుసార్లు కడిగి తెచ్చింది. జయంతి తాగుతుంటే ఆమె కళ్లార్పకుండా చూసింది. సగం గ్లాసు దగ్గరకు వచ్చేసరికి, తను దాహానికి తాగడం లేదనీ, తాగినట్టు కనబడటానికి తాగుతోందనీ జయంతికి తెలిసింది. గ్లాసు కింద పెట్టింది.

"రొట్టె ఎట్ల వచ్చినాదమ్మా?" అంది తాయమ్మ, కింద కూర్చుంటూ. "పిసికి పెట్టి పోయినాను గానీ సూడనే లేదు."

"బాగా వచ్చింది."

"చుట్ట విడిపోలేదా? లూజుగా చుడితే కాలేటప్పుడు మధ్యలో ఖాళీ వస్తాదన్నాడు జోయలు."

"విడిపోలేదు. కోస్తే చక్రం మాదిరి వచ్చింది."

"మెత్తగా ఉన్నిందా?"

"ఉన్నింది."

పది ఇళ్లకు పంచారు ఆ రొట్టెను. తాయమ్మకు ఒక్క ముక్క దాచాలన్న ఆలోచన ఆ రోజు ఎవరికీ రాలేదు. ఆమె మాత్రం సంతోషంగా తలాడిస్తోంది.

సంచిలో ఫోను మోగింది. బాలచంద్ర. జయంతి కట్ చేసింది. ఫోను చేతిలోనే ఉండిపోయింది.

తాయమ్మకు తెలీదు. తను చెప్పకపోతే ఈ రోజుకు తెలీదు. ఒక్క నిమిషం పని. ఆ ఆలోచన తనకే నచ్చలేదు. అయినా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"తాయమ్మా, నిన్ను ఒక చిన్న వీడియో తీసుకోనా? మా ఇంట్లో ఎట్ల ఉంటావో, మేము ఎట్ల సూసుకుంటామో రెండు మాటలు చెప్తావా?"

"మోహనమ్మ పెడతాదే, ఆ మాదిరిదా?" తాయమ్మ ముఖం వెలిగింది. జుట్టు సవరించుకుంది. కొంగు భుజం నిండా కప్పుకుంది. "నేనేం చెప్పేదమ్మా, నాకు మాటలు రావు. సరే, పట్టు."

జయంతి ఫోను పైకెత్తింది. రికార్డు బటన్ నొక్కింది.

"నా పేరు తాయమ్మ. పదకొండేండ్లుగా జయంతమ్మ వాళ్లింట్లో పని చేస్తా ఉండా. నన్ను బాగా సూసుకుంటారు. నా బిడ్డ పెండ్లికి బీరువా ఇచ్చినారు." కొంచెం ఆగి ఆలోచించింది. తర్వాత ముఖమంతా నవ్వుతూ అంది: "శనివారం ఆ పట్ట రొట్టె చేసిరి గదా, ఆ పిండి నేనే పిసికినాను. నేర్పించింది మా జోయలు."

జయంతి వేలు ఆపే బటన్ మీద పడింది.

"సరిగ్గా చెప్పలేదా అమ్మా?"

"సరిగ్గానే చెప్పినావు." జయంతి కుర్చీలోంచి జారి, చెనక్కాయల పొట్టులో కింద కూర్చుంది. "తాయమ్మా, నేను ఒక మాట అన్నాను. లోకమంతా విన్నారు. నువ్వు ఒక్కదానివే వినలేదు."

చెప్పింది. భర్త ఎందుకు పంపాడో, ఈ వీడియో దేనికో అదీ చెప్పింది. తాయమ్మ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా పోయింది.

"వినిపించు," అంది.

"వద్దు తాయమ్మా."

"నా గురించి అన్నది నేను వినొద్దా?"

పదకొండు సెకన్లు. తాయమ్మ తల పక్కకు వంచి విన్నది. మళ్లీ పెట్టమంది. రెండోసారి విన్నాక చేటలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసింది గానీ ఒలవలేదు.

"పెద్దమ్మ మాట నాకు కొత్త గాదు. గిన్నె వేరే అనేదీ కొత్త గాదు. నా గిన్నె నేనే గదా కడిగి మూల పెట్టుకునేది." గొంతులో హెచ్చు తగ్గు లేదు. "నువ్వు భయపడి అన్నావేమో అనుకుందామని రెండోసారి విన్నా. నీ గొంతులో భయం లేదమ్మా."

జయంతి తల దించుకుంది.

"క్షమించు అని అడగడానికి కూడా..."

"ఇప్పుడు అడగొద్దు. అడిగితే నేను పరవాలేదమ్మా అనేస్తాను. నాకు అలవాటు." తాయమ్మ లేచింది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, నిదానంగా. "ఇప్పుడు తీసినావే, అది పెట్టుకో. చెప్పినానంటే చెప్పినాను. అంతా నిజమే. ఒకటే, కత్తిరించొద్దు. పిండి పిసికింది నేననే మాట ఉండాల."

నీలం తలుపు లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా దగ్గరగా వేసుకుంది.

* * *

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. బాలచంద్ర అంగడి వదిలి వచ్చి హాల్లో తిరుగుతున్నాడు. పంకజాక్షి సోఫాలో కూర్చుని మోకాళ్లకు తైలం రాసుకుంటోంది.

"తీసినావా?"

"తీసినాను."

అతను ఫోను లాక్కుని వాకిట్లోకి వెళ్లి చూశాడు. జయంతి వెనకే వెళ్లింది. మొదట ముఖం విప్పారింది. చివరికొచ్చేసరికి బిగుసుకుంది.

"ఇదేంది? ఈమె పిసికిందా?"

"అవును."

"అమ్మకు..." గొంతు తగ్గించాడు. "సరే. చివరి ముక్క తీసేసి పెట్టు. బీరువా దాకా సాలు."

"తీయను."

"ఏం, బుద్ధి ఉండాదా నీకు? అమ్మ ఒక్కపొద్దు ఉండి తినింది. అది తెలిస్తే..."

"తెలియాల," అంది జయంతి. ఫోను తీసుకుని లోపలికి వచ్చి అత్త పక్కన కూర్చుంది. చెప్పడానికి ధైర్యం చాలక, వీడియో పెట్టింది. మోహన గది తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

పంకజాక్షి చివరిదాకా చూసింది. తైలం చేతిని చీరకు తుడుచుకుంది.

"అబద్ధం చెప్పినానత్తా," అంది జయంతి. "మీకూ చెప్పినాను. ఆమె మీదా చెప్పినాను."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు మా?" అన్నాడు బాలచంద్ర.

పంకజాక్షి కొడుకు వైపు చూడలేదు. మనవరాలి వైపు అసలే చూడలేదు. గోడ మీద ఎక్కడో చూస్తూ మాట్లాడింది.

"ఆ పొద్దు గుడికాడ జనం లేరు. బిరీన వచ్చేసినాను. పెరటి కిటికీలో సూసినాను. తాయమ్మ పిసకతా ఉన్నింది. లోపలికి రాలేదు. ఎదురింట్లో కూచోని, ఆమె పోయినాక వచ్చినాను."

"మరి ఎందుకు అడిగినారు?" అంది జయంతి.

"నువ్వు పిసికితే రాయి మాదిరి వస్తాది. ఆమె పిసికితే మెత్తగా ఉంటాదని నాకు తెలుసు. తినాలనిపించింది." ముసలామె మెడ మీద నరం అదిరింది. "నువ్వు లేదంటావని అడిగినాను. లేదంటే తినొచ్చు గదా."

బాలచంద్ర కుర్చీలో కూలబడ్డాడు.

జయంతి అత్తను చూసింది. తనకు కోపం రావాలి. రాలేదు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో అందరూ ఒకరికొకరు అబద్ధం అందిస్తూ వచ్చారు. దాని బరువంతా మోసింది మాత్రం పెరట్లో తన గ్లాసు తనే కడుక్కునే మనిషి.

"ఇది పెడతా ఉండానత్తా. కత్తిరించకుండా. నా మాట కూడా కింద రాస్తాను, నేను అబద్ధం చెప్పినానని."

పంకజాక్షి తైలం సీసా మూత బిగించింది.

"నా మాటా రాయమంటావా?" అంది కాసేపటికి.

"అది మీ ఇష్టం."

జయంతి తన మాట వరకే నాలుగు వాక్యాలు రాసింది. రెండుసార్లు తుడిచి మళ్లీ రాసింది. వీడియో పెట్టేసరికి మోహన వచ్చి, ముట్టుకోకుండా, పక్కన కూర్చుంది.

పావుగంట గడిచింది. బాలచంద్ర ఫోను టీపాయి మీద ఆగకుండా గురగురలాడుతోంది. అతను దాన్ని బోర్లించాడు.

అప్పుడు జయంతి ఫోను మోగింది. తెర మీద జోయల్ పేరు.

"హలో" అంటే అవతల జోయల్ కాదు.

"జయంతమ్మా, వాడు సూపించినాడు." తాయమ్మ ఊపిరి వినిపించింది. "పెద్దమ్మ ఉండాదా పక్కన? ఆమె సూసిందా?"

"సూసింది."

"ఏమన్నాది?"

జయంతి సమాధానం చెప్పబోయి ఆగింది. ఇది తను చెప్పాల్సిన మాట కాదు. ఫోను అత్తకు చాచింది.

పంకజాక్షి వెనక్కి జరిగింది. చెయ్యి ఒళ్లో నుంచి లేవలేదు. మోహన ఆమెనే చూస్తోంది. బాలచంద్ర కూడా తలెత్తాడు. అవతల తాయమ్మ "అమ్మా, ఉండావా?" అని రెండుసార్లు అడిగింది.

మూడోసారికి పంకజాక్షి ఫోను తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"తాయమ్మా, నేను," అంది.

ఆ తర్వాతి మాట కోసం నలుగురూ ఎదురుచూశారు. ఆమె పెదవులు కదులుతున్నాయి. గొంతు రావడం లేదు. అవతల తాయమ్మ ఫోను పెట్టేయకుండా వింటూ ఉంది.